మిరప ఘాటు

“ఇంకా కళ్ళనీళ్ళేంటయ్యా గురవయ్యా?” మునిసిపాలిటీ ఓవర్సీరు సైకిలు దిగి నవ్వాడు. “నీ కళ్ళు చూపించేగా మిరపకాయల గోదామును ఊరి బయటికి పంపించాం!”

అరుగు మీది గురవయ్య గబగబా తువాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎదురుగా గోదాము ఖాళీగా ఉంది. అక్కడ పార్కు వేస్తారట. వీధిలో పిల్లలు తుమ్ముల్లేకుండా ఆడుకుంటున్నారు. గోదామున్నన్నాళ్ళూ కళ్ళనీళ్ళేంటని ఎవరడిగినా మిరప ఘాటు మీదికి నెట్టేసేవాడు. భార్య రమణమ్మ పోయి ఏడాదవుతున్నా ఎవరికీ అనుమానం రాలేదు.

“ఘాటు ఇంకా పోలేదు బాబూ,” అన్నాడు.

ఓవర్సీరు గట్టిగా గాలి పీల్చాడు. “ఏదీ? వేపపూత వాసన తప్ప ఏమీ లేదే! ఎవరన్నా పోయినట్టు ఈ ఏడుపేంటయ్యా?”

గురవయ్య మళ్ళీ తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పక్క గుమ్మంలో బియ్యం చెరుగుతున్న మౌలాబీ చేట ఆపి అతని వంక చూసింది. ఆ చూపుతో ఆమెకు సంగతి తెలిసిపోయిందని గురవయ్యకు అర్థమైంది. తల దించుకున్నాడు.

మౌలాబీ ఖళ్ళున దగ్గింది. కొంగు కళ్ళకద్దుకుంది.

“అబ్బ, ఏం ఘాటమ్మా! వచ్చిపోయేవాళ్ళకేం తెలుస్తుందండీ ఓవర్సీరు గారూ? గోడలకు పట్టేసింది. ఒక పట్టాన పోదు. ఏం బాబాయ్?”

“అవునమ్మా.”

ఓవర్సీరు ఇంకోసారి ముక్కు ఎగబీల్చి చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మౌలాబీ చేట తీసుకుని అటు తిరిగి కూర్చుంది. గురవయ్య ఇక తువాలు అడ్డం పెట్టుకోలేదు.