అట్ట మీది ఎర్రమాట

“ఏంటీ, ‘వైటల్’ ఓడిపోయిందా? దేని చేతిలో?” ఫోన్‌లో భార్య గొంతు కీచుమంది.

“‘ఇంపార్టెంట్’ చేతిలో,” అన్నాడు గుమాస్తా నీరసంగా. “టైపిస్టు కొత్త కుర్చీ కావాలని పెట్టాడు. వాడి ఫైలు పైనుంది, సంతకమైపోయింది. నా బదిలీ ఫైలు అడుగున పడి వెనక్కొచ్చింది.”

“ఇదేం చోద్యమండీ! వైటల్ అంటే ప్రాణంతో సమానం. ఇంపార్టెంట్‌దేముంది? మా బళ్ళో పిల్లలు పెన్సిలు ముక్క పోయినా ఇంపార్టెంటే అంటారు.”

ఆవిడ మాట కాదనడానికి లేదు. వేరే ఊళ్ళో, బళ్ళో ఇంగ్లీషు పంతులమ్మ. పెళ్ళై నాలుగేళ్ళయినా ఆవిడ అక్కడ, ఇతను ఇక్కడ. మూడేళ్ళ కూతురికి నాన్నంటే ఫోనే. నాన్న ఏడని ఎవరైనా అడిగితే ఛార్జింగులో ఉన్నాడని చెబుతుంది. ఇన్నాళ్ళకు ఆ ఊళ్ళో ఒక్క ఖాళీ వచ్చింది. ఆఫీసరుగారేమో శుక్రవారం రిటైరవుతున్నారు. కొత్తాయన వచ్చి, కుదురుకుని, కాగితం చూసేలోగా ఆ ఖాళీని ఎవడో ఒకడు ఎగరేసుకుపోతాడు.

ఫైలు కదలాలంటే ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. విషయం ఎంత ముఖ్యమో అట్ట మీద ఎర్రసిరాతో, ఒకే ఒక్క ఇంగ్లీషు మాటలో రాయాలి. అంతకుముందు జనం అట్టల నిండా వ్యాసాలు రాసి ఆఫీసరుగారి ప్రాణం తోడేశారు, అందుకే ఈ హుకుం. రోజూ పొద్దున ముసలి అటెండరు ఫైళ్ళన్నీ ముందేసుకుని కూర్చుంటాడు. ఒక్కో ఎర్రమాట మీద బొటనవేలు ఆనించి, చూపుడువేలు మెల్లగా ముందుకు జరిపి, తల పంకించి, ముఖ్యమైనది పైకి, కానిది కిందకి పేరుస్తాడు. ఆఫీసరుగారు పైనుంచి పది ఫైళ్ళు చూసి కలం మూసేస్తారు. అటెండరు ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళ మధ్య బతికిన మనిషి, ఏ మాట విలువెంతో అతనికి తెలిసినంతగా ఆఫీసరుగారికి కూడా తెలియదని అందరి నమ్మకం.

“రేపు ‘క్రూషియల్’ రాయండి,” అంది భార్య. “అటో ఇటో తేలిపోయే సమయమని అర్థం. మన పరిస్థితికి అతికినట్టుంటుంది.”

మంగళవారం క్రూషియల్ మళ్ళీ అడుగునే పడింది. ఫ్యాను రిపేరుకి రాసిన ‘నెసెసరీ’ దాని నెత్తినెక్కి కూర్చుంది.

“ఆ అటెండరుకి ఇంగ్లీషు ఏ మహానుభావుడు నేర్పాడండీ!” అని భార్య మండిపడింది. “సరే, ‘పారమౌంట్’ వేయండి. దానికి మించింది లేదు. శిఖరం!”

బుధవారం శిఖరం కాస్త పైకి లేచింది గానీ పన్నెండో చోట ఆగిపోయింది. స్టోర్ కీపరు కిటికీ కర్టెన్ల కోసం రాసిన ‘సిగ్నిఫికెంట్’ మాత్రం దర్జాగా సంతకం చేయించుకుని బయటికొచ్చింది.

“సిగ్నిఫికెంటా?” అంది ఆవిడ. “అంటే కాస్త చెప్పుకోదగ్గదని, అంతే! కర్టెన్లు చెప్పుకోదగ్గవీ, మన కాపురం కాదూ?”

గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. తిన్నగా అటెండరు దగ్గరికెళ్ళాడు. “పెద్దాయనా, నా మాటలో లోపమేంటి? ఒక్క ముక్క చెప్పండి.”

అటెండరు ఫైలందుకుని, పారమౌంట్ మీద వేళ్ళు ఆనించి చూశాడు. “బాగానే ఉంది బాబూ. కానీ చాల్లేదు.”

“శిఖరమే చాలకపోతే ఇంకేం రాయను?”

“నాకేం తెలుసు? చదువుకున్నోళ్ళు మీరు,” అని అటెండరు పనిలో పడ్డాడు.

గురువారం ఆఫీసరుగారి వీడ్కోలు సభ. ఒక్క ఫైలూ కదల్లేదు. ఆ సాయంత్రం గుమాస్తా భార్యకు ఫోన్ చేశాడు. వెనక నుంచి కూతురు “నాన్నని నాకివ్వు” అని ఏడుస్తోంది, అంటే ఫోనివ్వమని.

“ఇంక ఏ మాట గొప్పదో నాకు తెలీదు,” అంది భార్య. “నిఘంటువు పక్కన పడేశాను. మాకు మీరేంటో అదే రాయండి.”

“నేనేంటి?”

“ఇన్‌డిస్పెన్సబుల్.”

“అంటే?”

“మీరు లేకపోతే కుదరదని. ఇన్నాళ్ళూ కుదుర్చుకున్నాం, ఇక కుదరదు.”

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ ఒక్కో అక్షరం చెబుతుంటే, ఎర్రసిరాతో అట్ట ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి రాశాడు. తోక కాస్త ఇరుకైంది.

శుక్రవారం పొద్దున అటెండరు ఆ మాట మీద బొటనవేలు ఆనించాడు. చూపుడువేలు జరిగింది, ఇంకా జరిగింది. “అబ్బో!” అని ఫైలు తీసి అన్నిటికన్నా పైన పెట్టాడు.

పది నిమిషాల్లో బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది. గుమాస్తా భార్యకు ఫోన్ చేస్తే ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. “చూశారా! అర్థం మనసులోంచి రావాలి. ఆ పెద్దాయన మామూలు మనిషి కాదు, మాటల లోతు తెలిసినవాడు. నా తరఫున దణ్ణం పెట్టి రండి.”

గుమాస్తా పరుగున వెళ్ళి అటెండరు రెండు చేతులూ పట్టుకున్నాడు. “పెద్దాయనా, మీ మేలు మరిచిపోలేను. వైటల్‌లో లేనిది, పారమౌంట్‌లో లేనిది, ఆ ఒక్క మాటలో మీకేం కనిపించింది?”

అటెండరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నాకు ఇంగ్లీషెక్కడొచ్చు బాబూ, పొడుగు చూసి పేరుస్తాను!”