నలభై ఆరూ ఒకటీ

మేయరు ఆఫీసు తలుపుకి అంటించిన కాగితాన్ని తియెమోకో రెండుసార్లు చదివాడు. ఊళ్ళో పడ్డ ఓట్లు నలభై ఏడు. బయటివాళ్ళని వెళ్ళగొడతామన్న పార్టీకి నలభై ఆరు. మిగతా పార్టీలన్నిటికీ కలిపి ఒకటి.

ఫ్రాన్సులోని ఆ కొండపల్లెలో బయటివాడంటే అతనొక్కడే. మాలి నుంచి వచ్చి, మూతబడ్డ రొట్టెల దుకాణాన్ని మళ్ళీ తెరిచి తొమ్మిదేళ్ళయింది. దుకాణంలో రేడియో పెడితే దేశాల పేర్లు వరసగా వస్తున్నాయి. అలాంటి పార్టీలే ఇటలీలో, హాలెండ్‌లో, ఆస్ట్రియాలో ముందుకొచ్చాయట, ఇప్పుడు ఇక్కడట. ఎక్కడో ఎవరో గెలిచారని వినడం వేరు. రోజూ తన చేతి రొట్టె తినే నలభై ఆరుగురి సంగతి వేరు. రేడియో కట్టేశాడు.

మొదట జెర్మేన్ అవ్వ వచ్చింది. పళ్ళు లేని అవ్వకోసం మెత్తటి రొట్టె విడిగా కాలుస్తాడు. ఆమె అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగింది.

"ఆ కాగితం చూసి బాధపడకు నాయనా. ఆ ఒక్క ఓటూ నాదే."

తియెమోకో ఆమె ముఖంలోకి కాసేపు చూసి, రొట్టె చుట్టి ఇచ్చాడు.

ఆమె వెళ్ళీ వెళ్ళకముందే గొర్రెల ఓగుస్త్ వచ్చాడు. ఆ ఒక్కటీ తనదేననీ, ఇంట్లో తెలిస్తే కొడుకులు బతకనివ్వరనీ గొణిగాడు. టపా పంచే మార్టీన్ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పొమ్మన్నది నిన్ను కాదులే, మిగతావాళ్ళని" అని ఊరడించి, ఆ వెంటనే ఆ ఓటు తనదేనని చచ్చిపోయిన తల్లి మీద ఒట్టేసింది. పదకొండు గంటలకల్లా ఆ ఒక్క ఓటూ పదిమంది వేశారు. మేయరు మాత్రం ఏమీ అనలేదు. రొట్టె తీసుకుని, తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దుకాణం మూసి మేడ మీదికెళ్ళాడు. అతని భార్య సోలెన్ ఆ ఊరి పిల్లే. సూప్ వడ్డిస్తుంటే సంగతంతా చెప్పాడు, నవ్వుతూనే. "పదిమంది, సోలెన్. ఒక్క ఓటుకి."

ఆమె నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అందరూ అబద్ధాలకోర్లే. పుట్టి పెరిగిన ఊరు, ఇంతమంది ఇలాంటివాళ్ళనుకోలేదు."

"పోనీలే."

"ఎలా పోనిస్తాను? నీకు ఇక్కడ ఓటుహక్కు వచ్చాక ఇవే మొదటి ఎన్నికలు, నువ్వేమో బట్టీ వదిలి వెళ్ళనేలేదు. నీ పక్కన ఒక మనిషుందని గుర్తుపెట్టుకో, చాలు. ఆ ఒక్క ఓటూ నేనే వేశాను."

తియెమోకో ఆమె చేతిని మెల్లగా తీసి బల్ల మీద పెట్టాడు.

నిన్న ఊరంతా భోజనాలకు కూర్చున్న వేళ, మేయరు ఒక్కడే కునికిపాట్లు పడుతున్న గదిలోకి పిండి చేతులతోనే వెళ్ళి, ఆ ఒక్క ఓటూ వేసి వచ్చింది తనే.