ట్యాబ్‌లో ఉన్న పేరు

మధురానగర్ నుంచి పంజాగుట్ట ఆసుపత్రికి ఆటోలో వస్తున్నంతసేపూ, “మెట్ల మీద జారిపడ్డానని చెప్పు” అని మా ఆయన నేర్పుతూనే ఉన్నారు. తీరా నర్సు అడిగితే ఆయనే చెప్పేశారు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని నేను తలూపాను.

నర్సు ట్యాబ్‌లో ఆయన ఫోన్ నంబరు కొట్టింది. పాత వివరాలు వచ్చాయి.

“ఏం వసుమతీ, మళ్లా మెట్ల మీదికెల్లే పడ్డవా? మూడేండ్ల కింద సుత గిదే రాసున్నది. జర చూసుకోని దిగొద్దా?”

“దీనికి కళ్లు నెత్తిమీదుంటాయి సిస్టర్,” అని ఆయన నవ్వారు.

“పేరు సరిగున్నదా? ఉంటే గీడ వేలు పెట్టు.”

ఆయనే నా వేలు పట్టుకుని ట్యాబ్ దాకా తెచ్చారు. నేను చెయ్యి లాక్కున్నాను.

“నేను వసుమతిని కాదు సిస్టర్. ఆవిడ ఈయన మొదటి భార్య. జ్వరంతో పోయిందని మాకు చెప్పారు.”