తుపాకి తన్నింది

మా అమ్మ సోమమ్మ రజాకార్ల మీద తుపాకి పేల్చి, వాళ్లను తరమడానికి కుంటలోకి దూకిందని మోత్కూరు చుట్టుపక్కల తెలియనివారు లేరు.

పోలీసు చర్య జరిగి మూడేళ్లయింది. ఎల్లుండి హైదరాబాదులో పెద్దలు అడిగే ప్రశ్నలకు జవాబు చెబితేనే నాకు స్కాలర్‌షిప్పు. లేకుంటే చదువు ఇంతటితో సరి. ఒక్క పాఠం మాత్రం ఎంతకీ అర్థం కాలేదు.

"ఒక ద్రవంల అయొడిన్ పరమాణువు కార్బన్‌ను గట్టిగ పట్టుకొని ఉంటదమ్మా. న్యూట్రాన్‌ను మింగి రేడియోధార్మికమైతది, ఒక కిరణాన్ని బయటికి ఇసురుతది. గంతే, పట్టు తెగుతది! ఎవరు తెంపిన్రు?"

కందులు చెరుగుతున్న అమ్మ లేచి తలుపు మూసింది.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా. నేను కుంటల దుంకలే."

"మరి?"

"తుపాకిల మందు ఎక్కువ దట్టిన. పడకుండ ఇద్దరాడోళ్లు చెరో పక్క నా నడుం పట్టుకున్నరు. పేలంగనే తుపాకి ఎనుకకు తన్నింది. ఆళ్ల పట్టు ఊడింది. ఆళ్లు గట్టు మీద, నేను నీళ్లల్ల! గుండు యాడికి పోయిందో గూడ తెల్వది. సప్పుడుకే రజాకార్లు బెదిరి ఉరికిన్రు."

నేను గెంతాను. "అమ్మా, కిరణాన్ని ఇసిరిన పరమాణువునే ఆ దెబ్బ ఎనుకకు తన్నింది! ఆ ద్రవంల నీళ్లు పోసి కలిపితే, పట్టు ఊడిన అయొడిన్ నీళ్లల్లకు వస్తది, మిగిలింది ద్రవంలనే ఉంటది. రేడియోధార్మికమైనదాన్ని గట్లనే వేరు చేస్తరు!"

ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం.

హైదరాబాదులో ఆ పోలిక విని, ఎక్కడిదని అడిగారు. దూరపు చుట్టం ఒకామె చెప్పిందన్నాను. స్కాలర్‌షిప్పు వచ్చింది.

ఊళ్లో అమ్మ ఇప్పటికీ కుంటలోకి దూకుతూనే ఉంది.