గోరింక కబుర్లు విన్న మడుగు

మడుగు పక్క తుమ్మకొమ్మ మీద ఒక గోరింక చేరి కబుర్లు మొదలుపెట్టింది. ఎక్కడ వరదొచ్చిందో, ఏ నెమలి ఎవరితో పోట్లాడిందో, దానికి తెలియనిది లేదు. ఒక్క మాటా పోకూడదని కప్పలు అరవడమే మానేశాయి.

ముసురు పట్టిన ఒక సాయంత్రం వలస బాతు ఒంటరిగా దిగింది. ఏ కప్పా తల తిప్పలేదు. గోరింక నీళ్లు తాగడానికి ఆగాక పెద్ద కప్ప అడిగింది.

"నాలుగు దేశాలు తిరిగొచ్చావు కదా బాతక్కా, మాలాగా వినేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?"

"ఉత్తరదేశపు చెరువులో పొద్దున కాసేపు విని, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. సముద్రం పక్క మడుగులో విన్నదాని మీద కొట్టుకుంటారు. అందుకైనా ఒకరి మొహం ఒకరు చూస్తారు. రోజంతా వినేది మీరే."

"అయితే మనమే ఫస్టు!" కప్పలు ఉబ్బిపోయాయి.

బాతు మాత్రం మబ్బులకేసే చూస్తోంది.

"ఎవరికోసం అక్కా?"

"మా ఆయన వెనకాలే వస్తున్నాడు. నేనంటే తుమ్మచెట్టు చూసి దిగాను. ఆయనకు చూపు ఆనదు. ఏటా మీ బెకబెకలు వినే కదా, మడుగు వచ్చిందని తెలుసుకునేవాడు."

కప్పలు గతుక్కుమన్నాయి. అన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. వాడక వాడక గొంతులు బొంగురుపోయాయి.

ఇంతలో గోరింక కొమ్మెక్కి గొంతు సవరించుకుంది. అలవాటుకొద్దీ కప్పలన్నీ నోరు మూసుకున్నాయి.

"తాజా కబురు! ఇందాక ఒక ముసలి బాతు మన మడుగు మీద మూడుసార్లు తిరిగి, దక్షిణానికి వెళ్లిపోయింది."