మంచు పలుకును పట్టిన గొలుసులు

దగ్గరికి జరగండమ్మా, వెనకున్న తాతగారూ, మీరూను! కథ మంచు సముద్రంలోది, చలేస్తే ఒకరినొకరు ఆనుకోండి.

ఆ సముద్రంలో తెల్లి అనే చేప తన గుడ్లకు కాపలా కాస్తోంది. నీళ్లు గడ్డకట్టడం మొదలైంది. పొరుగు చేప బారెమ్మ వెచ్చటి నీళ్లకు బయల్దేరుతూ, "రావే పిచ్చిదానా! ఒంట్లో ఆ పాత గొలుసులు పెట్టుకుని ఏం ఉద్ధరిస్తావు?" అంది.

తెల్లి నెత్తుట్లో తిరిగే ఆ సన్నటి గొలుసులు ముత్తవ్వల నుంచి వచ్చాయి. తిండి అరిగించే రసంలోని చిన్న ముక్క ఒకటి, తరతరాలుగా తనలాంటి ముక్కలతో మళ్లీ మళ్లీ అతుక్కుంటూ గొలుసైంది. భగవంతుడి లీల!

"గుడ్లను వదిలి రాలేను వదినా" అంది తెల్లి.

అంతలో ఆవగింజంత మంచు పలుకు నీళ్లతోపాటు ఆమె లోపలికి దూరింది. "కాసేపాగు, నీ ఒళ్లంతా నేనే" అని నవ్వింది.

తెల్లి బెదరలేదు. గొలుసులు బిలబిలా వెళ్లి పలుకును అన్ని వైపులా పట్టుకున్నాయి.

"ఇలా బిగించే బదులు కరిగించెయ్యరాదూ!" అని గింజుకుంది పలుకు.

"అది నాకు చేతకాదు. పెరగనివ్వను, అంతే" అంది తెల్లి.

గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చి ఈదేదాకా పలుకు ఆవగింజగానే ఉంది.

పలుకు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంది తెల్లి. ఆ ఒక్క పని గుర్తుంచుకోండి, ఇంటికెళ్లి మీవాళ్లకూ చెప్పండి.