పుంజు మాస్టారి ఎగిరే పాఠం

ఒక పెరట్లో పావురం పిల్లలకు ఎగరడం నేర్పే ముసలి మాస్టారు కాలం చేశారు. ఆ పనికి ఇంకెవరూ రాలేదు. పిల్లలు నేల మీదే తిరుగుతుంటే పిల్లి రోజూ వచ్చి చూసి వెళ్తోంది. గత్యంతరం లేక, గుడ్లగూబ దగ్గర క్రాష్ కోర్సు చేసొచ్చిన కోడిపుంజును పెద్ద పావురం మాస్టారుగా పెట్టుకుంది.

పుంజు మాస్టారు గాలి గురించీ ఈకల గురించీ దంచి చెప్పారు.

"ఒకసారి ఎగిరి చూపించండి సార్," అంది ఒక పిల్ల.

"మా కోర్సులో ఎగరడం లేదమ్మా. ఎగరడం నేర్పడం వరకే."

అంతలో పిల్లి దూకింది. మాస్టారు ప్రాణభయంతో రెక్కలు టపటప కొట్టుకుంటూ ఇంటి కప్పెక్కేశారు. ఆయన్ని చూసి పిల్లలూ అలాగే కొట్టుకుని పైకి లేచాయి. ఒక్కటీ దొరక్క పిల్లి తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

"ప్రాక్టికల్ బ్రహ్మాండంగా చెప్పారు మాస్టారూ. దిగి రండి, శాలువా కప్పుతాం," అంది పెద్ద పావురం.

మాస్టారు కదల్లేదు. కప్పు అంచును గోళ్లతో గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఒక పిల్ల పక్కన వాలింది. "దిగడం నేను చెప్తాను సార్. ముందు రెక్కలు విప్పండి."

"నీకు నేర్పే అర్హత ఉందా?" అని అడగబోయిన మాస్టారు, నేల ఎంత కిందుందో చూసి, బుద్ధిగా రెక్కలు విప్పారు.